కాగితం చిలక

సందేహాలు – సమాధానాలు

వేసవి సెలవులు మొదలయ్యాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆట గురించి. నలుచదరం కాగితాన్ని మడిచి, నాలుగు జేబుల్లో రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ దూర్చి, ముక్కు తెరుస్తూ మూస్తూ "రంగు చెప్పు, అంకె చెప్పు" అని జోస్యం చెబుతారే, ఆ ఆట. దీనికి ఒక్కో బడిలో ఒక్కో పేరు. పాతబస్తీ పిల్లలతో కూర్చున్నప్పుడు నేను దీన్ని కాగితం చిలక అంటాను. పంజరం పక్కన చాప పరుచుకుని, చిలక చేత కార్డు తీయించి జాతకం చెప్పే మనిషిని వాళ్ల తాతలు చూశారు. రామచిలకను పంజరంలో పెట్టడాన్ని ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ వర్తిస్తుంది. చిలక ఎగిరిపోయినా దాని పని మాత్రం పిల్లల చేతుల్లో మిగిలింది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఇద్దరం కలిసి మూడుసార్లు చేశాం. మడతలన్నీ పూర్తయ్యాక చూస్తే వేళ్లు దూర్చడానికి చోటే లేదు. ఒకసారి చోటు దొరికింది గానీ నోరు తెరుచుకోలేదు, గట్టిగా లాగితే చిరిగింది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?
– ఒక తల్లి, శాలిబండ

జవాబు: వేళ్లకు చోటు లేదంటే మధ్యలో కాగితాన్ని బోర్లించడం మరిచిపోయారు. నోరు తెరుచుకోలేదంటే చివరి రెండు మడతలు గట్టిగా పడలేదు. నా దగ్గరికి వచ్చే చెడిపోయిన చిలకల్లో దాదాపు అన్నిటి జబ్బూ ఈ రెండింట్లో ఒకటే.

మొదటి నుంచి చూద్దాం. ఎ4 కాగితం తీసుకుని ఒక పై మూలను ఎదుటి పొడుగు అంచు మీదికి ఏటవాలుగా దించండి. కింద మిగిలిన పట్టీని కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది. దాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా మడిచి విప్పండి. గీతలు కలిసిన చుక్కే నడిమధ్య. నాలుగు మూలలూ ఆ చుక్క దగ్గరికి తెచ్చి మడవండి. మూలలు చుక్కను తాకీ తాకనట్టుండాలి, వెంట్రుకవాసి ఎడం వదలండి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే తర్వాతి మడతలో కాగితం ఉబ్బి, మొన పక్కకు జారుతుంది.

ఇప్పుడు కాగితాన్ని బోర్లించండి. అందరూ దాటేసేది ఇక్కడే. బోర్లించాక మళ్లీ నాలుగు మూలలూ మధ్యకు. మీకు కనబడే వైపు నాలుగు త్రికోణాల రెక్కలుంటాయి, అడుగున నాలుగు చిన్న చదరాలుంటాయి. ఆ చదరాలే జేబులు. రంగులు వాటి మీద, అంకెలు రెక్కల మీద, రెక్క ఎత్తితే లోపల జోస్యం. ఒక్కో రెక్కకు రెండేసి చొప్పున ఎనిమిది అంకెలు, ఎనిమిది జోస్యాలు.

చివరగా చదరాలు బయటికి ఉండేలా సగానికి మడిచి, విప్పి, రెండో వైపు కూడా సగానికి మడవండి. నోరు రెండు దిక్కులకూ తెరుచుకునేది ఈ రెండు గీతల మీదే. ఆరేళ్ల పిల్లవాడి గోటికి అంత బలం ఉండదు. వాడి చేతికి స్టీలు చెంచా ఇచ్చి, దాని వీపుతో మధ్య నుంచి అంచు దాకా రుద్దమనండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వాడి మడతను మీరు సరిచేయొద్దు. మొన్న ఒక పిల్లవాడు నాలుక చివర బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకే మడతను నాలుగుసార్లు రుద్దాడు. మూల చుక్కకు కొంచెం ఇవతలే ఆగిపోయింది. వాళ్లమ్మ చెయ్యి చాచబోతే ఆపాను. ఆ ముక్కు కాస్త వంకరగానే వచ్చింది, వంకరగానే పలికింది. మర్నాడు వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు.

ప్రశ్న: మా తరగతిలో 40 మంది. రంగుకాగితాలు కొనేంత డబ్బు బడిలో లేదు. పెళ్లికార్డుల ముక్కలు చాలా దొరుకుతాయి, వాటితో చేయించవచ్చా? పాత పేపర్లు పనికొస్తాయా?
– ఒక ఉపాధ్యాయిని, యాకుత్‌పురా

జవాబు: మీకు ఛత్తా బజార్ దగ్గరే కదా. పెళ్లికార్డులు అచ్చేసే దుకాణాలు, ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే కాతిబులు ఆ వీధికి పేరు తెచ్చారు. కార్డుల అట్ట చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఈ పనికి మాత్రం అస్సలు పనికిరాదు. కారణం లెక్కలోనే ఉంది. మూలలు రెండుసార్లు మధ్యకు మడిచేసరికి కాగితం నాలుగు పొరలవుతుంది, సగానికి మడిస్తే ఎనిమిది. ఎనిమిది పొరల అట్ట ఏ పిల్లవాడి చేతికీ లొంగదు, మడత దగ్గర పగులుతుంది కూడా. ప్రెస్సు వాళ్లను 60 లేదా 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కటింగ్ ముక్కలు అడగండి. బిల్లు పుస్తకాలకూ కరపత్రాలకూ వాడే మామూలు కాగితం అది. కోత యంత్రం కింద రోజూ పోగుపడుతుంది. ఈ ఆటకు అంతకన్నా మంచి కాగితం లేదు.

న్యూస్‌పేపరు మెత్తన, రెండాటలకే మొనలు చిరుగుతాయి, వేళ్లకు సిరా అంటుకుంటుంది. నున్నటి రంగు కరపత్రాల మీద పెన్సిలు నిలవదు. పతంగుల కాగితం కూడా వద్దు. దారానికి ఎగరాల్సిన కాగితం అది, వేలి తోపుడుకు ఆగదు.

కాగితం కొనాల్సే వస్తే 40 మందికి 20 ఎ4 కాగితాలు చాలు. అడ్డంగా సగానికి కోసి, ఒక్కో సగం నుంచి 14.8 సెంటీమీటర్ల చదరం తీయండి. పూర్తయ్యాక జేబు 3.7 సెంటీమీటర్లు ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల వేళ్లకు సరిగ్గా సరిపోతుంది. పెద్ద చదరంతో చేసిన జేబు అయిదు సెంటీమీటర్లు దాటుతుంది, చిన్న వేళ్లు అందులో ఈదుతాయి. మిగిలిన పట్టీలు పారేయకండి. జోస్యాలు ముందు వాటి మీద రాయించి, తప్పులు దిద్దాక లోపలికి ఎక్కించండి.

ప్రశ్న: మా పాప ఎనిమిది జోస్యాలు రాసింది. నాలుగే మళ్లీ మళ్లీ వస్తున్నాయి, మిగతా నాలుగు ఎవరికీ రావట్లేదు. 'చిలకకు అవి ఇష్టం లేదేమో నాన్నా' అంటోంది. సరి సంఖ్యలు ఎదురెదురుగా ఉన్న రెండు రెక్కల మీద, బేసి సంఖ్యలు మిగతా రెండింటి మీద ముద్దుగా రాసింది. ఏమిటీ విచిత్రం?
– ఒక తండ్రి, మొఘల్‌పురా

జవాబు: ఈ ఏడాది నాకు వచ్చిన అన్ని ప్రశ్నల్లోకీ ఇది నాకు బాగా నచ్చింది. మీ పాప కనిపెట్టినది నిజం. కారణం ఆ ముద్దుగా రాయడంలోనే ఉంది.

చిలక నోరు రెండు దిక్కులకు తెరుచుకుంటుంది. ఒక దిక్కుకు తెరిస్తే ఎదురెదురుగా ఉన్న రెండు రెక్కలు కనబడతాయి, రెండో దిక్కుకు తెరిస్తే మిగతా రెండు. అంటే ఎప్పుడు చూసినా నాలుగు అంకెలే కంటికి ఆనతాయి. ఎదుటివాళ్లు ఏ అంకె చెబితే అన్నిసార్లు కదుపుతాం. ఒక్కో కదలికకు ఒక్కో దిక్కు మారుతుంది కాబట్టి, సరి సంఖ్యలో కదిపితే బయల్దేరిన దిక్కుకే తిరిగి వస్తాం, బేసి సంఖ్యలో కదిపితే అవతలి దిక్కుకు పోతాం.

ఇప్పుడు మీ పాప చిలకను చూడండి. సరి సంఖ్యలున్న దిక్కు తెరుచుకుందనుకుందాం. ఎదుటివాళ్లు 2 అన్నా 8 అన్నా అది సరి సంఖ్యే, చిలక మళ్లీ అక్కడికే వస్తుంది. బేసి దిక్కు తెరుచుకుందనుకుందాం. 3 అన్నా 7 అన్నా అది బేసే, చిలక సరి సంఖ్యల దిక్కుకు దాటుతుంది. ఎలా మొదలుపెట్టినా అంకె ఒకసారి లెక్కించేసరికి సరి సంఖ్యల దగ్గరే ఆగుతుంది. బేసి రెక్కల కింద రాసిన జోస్యాలకు పలికే వంతే రాదు.

విరుగుడు తేలిక. 1 నుంచి 8 దాకా వరసగా, చుట్టూ తిప్పుతూ రాయమనండి. అప్పుడు ఒక దిక్కున 1, 2, 5, 6, రెండో దిక్కున 3, 4, 7, 8 వస్తాయి. రెండు చోట్లా రెండు సరి, రెండు బేసి. అన్ని జోస్యాలూ పలుకుతాయి. ఈ జవాబు మీరే చెప్పేయకుండా, పాత చిలకతో ఒక ఇరవైసార్లు ఆడించి ప్రతిసారీ ఏ అంకె దగ్గర ఆగిందో కాగితం మీద రాయించండి. సగం దూరం తనంతట తానే నడుస్తుంది.

ప్రశ్న: రంగు పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు కదపాలంటారు కదా. 'ఆకుపచ్చ'లో ఎన్ని లెక్కపెట్టాలి? మా దగ్గర కొందరు పిల్లలు తెలుగులో, కొందరు ఉర్దూలో లెక్కపెట్టి పోట్లాడుకుంటున్నారు.
– పిల్లల గ్రంథాలయం నడిపే ఒక మిత్రుడు, దారుల్‌షిఫా

జవాబు: తెలుగులో నోటికి ఒక్కటిగా పలికేది ఒక్క అక్షరమే. 'చ్చ' ఒకటే. ఆ, కు, ప, చ్చ – నాలుగు. ఎరుపుకు మూడు, పసుపుకు మూడు, నీలానికి రెండు. 'నీలం' చివర సున్నను విడిగా లెక్కించకండి.

ఉర్దూలో రాసే హర్ఫులను లెక్కించాలి. లాల్ అంటే లామ్, అలిఫ్, లామ్ – మూడు. హరా అంటే హే, రే, అలిఫ్ – మూడు. నీలాకు నూన్, యే, లామ్, అలిఫ్ నాలుగు. పీలాకు పే, యే, లామ్, అలిఫ్ నాలుగు. పై జవాబులో చెప్పిన సరి బేసి లెక్క ఇక్కడ కలిపి చూడండి. ఎరుపు, నీలం ఏ భాషలో చెప్పినా ఒకే దిక్కు తెరుచుకుంటుంది. ఆకుపచ్చ, పసుపు దగ్గర మాత్రం తెలుగు పిల్లకూ ఉర్దూ పిల్లకూ వేర్వేరు దిక్కులు తెరుచుకుంటాయి. పోట్లాట మాన్పించాల్సిన అవసరం లేదు. ఒకే చిలకకు రెండు భాషలు వచ్చని చెప్పండి. ఒక చదరం మీద ఎరుపు అని తెలుగులోనూ, దాని కిందే లాల్ అని ఉర్దూలోనూ రాయించండి. ఎవరు అడిగితే వాళ్ల భాషలో లెక్క. నా దగ్గర ఒక అమ్మాయి కుడి నుంచి ఎడమకు రాస్తూ, తన దోస్తు ఎడమ నుంచి కుడికి రాస్తూ, ఇద్దరి పెన్సిళ్లు చదరం మధ్యలో ఢీకొన్నాయి. ఆ గీత చెరిపేయనివ్వలేదు వాళ్లు.

ప్రశ్న: మా మనుమరాలు ఎనిమిదేండ్లది. పక్కింటి పిల్లతోని ఈ ఆట ఆడితే 'నీకు దోస్తులు ఉండరు' అని వచ్చిందట. రాత్రంత ఏడ్చింది. జోస్యంతోని ఆటలేంది, మంచిది కాదని నేనంటున్న. ఉత్త కాగితమే కదా అని నా కొడుకంటున్నడు. మీరేమంటరు?
– ఒక నాయనమ్మ, లాల్‌దర్వాజ

జవాబు: అమ్మా, నేను మీ పక్షమే, అయితే ఆట మాన్పించమని చెప్పను. మీ ఇంటి దగ్గర ఆషాఢంలో సింహవాహిని మహంకాళి బోనాలు ఎలా జరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. మర్నాడు భవిష్యవాణి చెప్పే రంగంలో వానల గురించి, పంటల గురించి, పిల్లాపాపల గురించి ఏం పలుకుతుందోనని అంత జనమూ చెవి రిక్కించి నిలబడతారు. పలికిన మాటకు అంత బరువున్న ఊరిలో పెరుగుతున్న పిల్ల, కాగితంలో వచ్చిన మాటను ఉత్త కాగితం అనుకోలేకపోవడం సహజమే. మీ అబ్బాయికి అది చిన్న విషయంగా తోచవచ్చు, ఆ పిల్లకు మాత్రం కాదు.

ఇక్కడ జోస్యం పాత సంగతి. చార్మినార్ కట్టింది 1591లో. దాన్ని కట్టిన కుతుబ్‌షాహీల రాజ్యంలో ఫాల్‌నామాలు ఉండేవి. మనసులో ప్రశ్న తలచుకుని పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి, వచ్చిన బొమ్మనూ రాతనూ బట్టి శకునం చూసుకునేవారు. 17వ శతాబ్దం తొలి భాగంలో గోల్కొండలో తయారైందని పండితులు చెప్పే ఒక బొమ్మల ఫాల్‌నామా ఇప్పటికీ ఖలీలీ సేకరణలో ఉంది. ఫాల్‌నామాల్లో చెడు శకునం వచ్చినా అక్కడితో వదిలేయరు. ప్రార్థన చెయ్యి, దానం చెయ్యి, కొంతకాలం ఓపిక పట్టు అని ఏదో ఒక దారి చూపిస్తారు. పెద్దవాళ్ల శకునపు పుస్తకానికే అంత దయ ఉన్నప్పుడు పిల్లల కాగితానికి ఇంకెంత ఉండాలి!

ఆ 'దోస్తులు ఉండరు' అన్న మాట రాసింది ఎవరు? ఒక పిల్ల. ఎనిమిది గళ్లు నింపాలి, ఏడో గడికి ఏమీ తోచలేదు, ఎక్కడో విన్నది రాసేసింది. అందుకే నా దగ్గర ఒక పట్టుదల ఉంది. మార్కులు, పెళ్లి, ఒంటి రంగు, ఆస్తి, చావు, ఎవరు ఎవరితో మాట్లాడరన్నది – ఇవేవీ చిలకలోకి వెళ్లకూడదు. ఆ పిల్ల ఇవాళ తన చేతులతో, తన కాళ్లతో చేయగలిగినదే జోస్యం. 'సాయంత్రం గుల్జార్ హౌజ్ దాకా నాన్నతో నడిచి వస్తావు.' 'నీ టిఫిన్ డబ్బాలో సగం ఇంకొకరు తింటారు.' 'ఇవాళ నీకు కొత్త ఉర్దూ మాట ఒకటి వస్తుంది.' 'చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ విరగకముందే నోట్లో పెట్టుకుంటావు.' ఇవన్నీ పిల్లలు రాసినవే.

పక్కింటి పిల్లను ఇంటికి పిలవండి. తప్పు పట్టడానికి కాదు. ఇద్దరికీ కలిపి ఒక్కటే కొత్త కాగితం ఇచ్చి, నాలుగు జోస్యాలు ఈ పిల్ల ఆ పిల్ల కోసం, నాలుగు ఆ పిల్ల ఈ పిల్ల కోసం రాయమనండి. మీరు మధ్యలో కూర్చోండి. మీ చిన్నప్పటి సోదమ్మ ఎరుక చెప్పడానికి ఇంటి ముందుకు వస్తే ఏం అడిగేవారో, ఏం పెట్టి పంపేవారో చెప్పండి. నాకు తెలిసినంతలో పిల్లలు ఆ కథ కోసం చిలకను కూడా పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న: ఇది జపాన్ ఆటేనా? మన దగ్గరికి ఎప్పుడొచ్చింది?
– ఒక డిగ్రీ విద్యార్థి, హుస్సేనీ ఆలం

జవాబు: కాగితం మడత అనగానే జపాన్ గుర్తుకొస్తుంది గానీ, దీనికి యూరప్ బడుల దారి కూడా ఉంది. జర్మనీలో 1837లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ పేరు మీద నడిచిన పద్ధతిలో కాగితం మడత ఒక పాఠం. మూలలు మధ్యకు తెచ్చే మడత అందులో మొదటి మెట్లలో ఒకటి. ఇంగ్లీషులో 1928లో వచ్చిన మర్రే, రిగ్నీల మడతల పుస్తకంలో ఇదే రూపం ఉప్పు గిన్నెగా కనిపిస్తుంది. మొనలు కిందికి పెట్టి బల్ల మీద నిలబెడితే నాలుగు జేబులూ నాలుగు గిన్నెలు. మీ ఇంట్లో పండగనాడు సోంపు, కలకండ, లవంగం, యాలకులు వేసి పెట్టి చూడండి. ఇంగ్లండు పిల్లలు 1950లనాటికే దీనితో జోస్యాలు చెప్పుకుంటున్నారు.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఇంగ్లీషు పుస్తకం వేశారు. కిండర్‌గార్టెన్ వాళ్ల ఎనిమిదో కానుక, అంటే 200 రంగుల చదరపు కాగితాల పెట్టె, తనకు ఈ ఆలోచన ఇచ్చిందని ముందుమాటలో రాసుకున్నారు. 1901లో అమెరికాలో దానికి మరో కూర్పు వచ్చింది. స్కేలూ వృత్తలేఖినీ పక్కన పెట్టి ఒక్క చదరం కాగితంతో ఎంత లెక్క చేయవచ్చో ఆ పుస్తకం తిప్పితే తెలుస్తుంది. మీరు డిగ్రీ చదువుతున్నారు కనుక తప్పక వెతికి చదవండి.

ప్రశ్న: మా చిన్నదానికి నాలుగేళ్లు. అక్క చిలక ఆడిస్తుంటే తనకూ కావాలని ఏడుస్తుంది. వేళ్లు ఆడించలేదు.
– ఒక తల్లి, చాంద్రాయణగుట్ట

జవాబు: నాలుగు వేళ్లు నాలుగు వైపులకు ఆడించే పని నాలుగేళ్లకు రాదు, తొందరపెట్టకండి. చిలకను ఒక్క దిక్కుకే తెరిచేలా పట్టించి, మీద రెండు కళ్లు గీయండి. నోరు తెరిచి మూసే బొమ్మ అవుతుంది. ఒక చేత్తో ఆడించవచ్చు. బటానీలు తినిపిస్తూ ఆడుతుంది, అక్క ఆట సాగుతుంది. బటానీ నోట్లోకో ముక్కులోకో పోకుండా మీరు పక్కనే ఉండండి.

ప్రశ్న: నా చిలక మొనలు చిరిగిపోయాయి. జేబు కూడా ఊడింది. పారేయాలంటే బాధగా ఉంది. ఏం చెయ్యాలి?
– తొమ్మిదేళ్ల అబ్బాయి, ఉప్పుగూడ

జవాబు: నాన్నా, పారేయకు. నెమ్మదిగా, చింపకుండా, మడతలన్నీ విప్పి బల్ల మీద పరుచు. అరచేత్తో చదును చెయ్యి. గీతలు కనబడుతున్నాయా? ఏటవాలు గీతలను పక్కన పెట్టి, అడ్డం, నిలువు గీతలనే చూడు. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 గళ్లు. నీ వేలు దూరిన జేబు అందులో ఒక గడి అంతే పెద్దది, కొలిచి చూసుకో. ఇప్పుడు ఆ గళ్లలో 1 నుంచి 16 దాకా అంకెలు ఒక్కోటి ఒక్కోసారే నింపాలి. ఏ వరస అడ్డంగా కూడినా 34, నిలువుగా కూడినా 34, మూల నుంచి మూలకు కూడినా 34 రావాలి. పెన్సిలుతోనే రాయి, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది. కుదిరాక ఆ కాగితాన్నే మడిచి నాకు పంపు.